పదును

కొండపి నుంచి టంగుటూరు పోయే దారిలో
మా బ్యారన్ గోడకు మూడు మేకులు.
ఒకదానికి అరుణాచలంలో కొన్న రుద్రాక్ష,
ఒకదానికి ఒంగోలు పాస్టరుగారిచ్చిన క్యాలెండరు,
మూడోదానికి థర్మామీటరు.
మూడింట్లో నేను నమ్మి చూసేది మూడోదాన్నేనని
మా ఆవిడ దెప్పుతుంది.

నలభై ఆరేళ్ళొచ్చాక గురువు కావాలనిపించింది.
ఎందుకని అడగొద్దు.
ఆ ఏడు వేలంలో ధర పడిపోయింది, అందుక్కాదు.
తమ్ముడు పోయాడు, అందుకూ కాదు.
రాత్రి మూడింటికి పొయ్యిలోకి కట్టె ఎగదోస్తూ
ఆకుని నేను కనిపెట్టుకున్నట్టు
నన్నూ ఎవరైనా నిద్ర మానుకుని కనిపెట్టుకుంటే
బాగుండనిపించింది, అంతే.

తిరిగాను.
గిరి చుట్టూ చెప్పుల్లేకుండా నడిచొస్తే
ఒక స్వామి "నువ్వెవరు?" అన్నాడు.
ఇంటిపేరుతో సహా చెప్పాను. నవ్వాడు.
ఎందుకు నవ్వాడో ఇప్పటికీ సగమే తెలిసింది.
కొత్తపట్నం ఒడ్డున ఒక జర్మనీ ఆవిడ
పది రోజులు నోరు మెదపొద్దంది.
నాలుగో రోజు కాలి మీదకి ఎండ్రకాయ ఎక్కింది.
మెదిపాను.
పాస్టరు ఇమ్మానియేలుగారు మాత్రం
మా నులకమంచం మీద కూర్చుని మజ్జిగ తాగి
"నాకూ తెలవదయ్యా, ఇద్దరం కలిసి అడుగుదాం" అన్నారు.
ఆయన్నే పట్టుకుందామనుకున్నా.
మూడు నెలలకే మార్కాపురం బదిలీ.
నాలుగో మేకు కొట్టేవాణ్ణే,
మా ఆవిడ సుత్తి దాచేసింది.

గ్రేడింగు షెడ్డులో ఇదంతా చెప్తుంటే
దీనమ్మ తలెత్తలేదు.
ముప్పై ఏళ్ళుగా ఆకు చదివే చేతులు.
నిమ్మపండు రంగు ఇటు, నారింజ అటు,
పచ్చి మిగిలింది ఒళ్ళోకి.
"ఏందబ్బాయా, ఈ విత్తనం ఏ దేశందీ?"
అమెరికాది.
"మరి ఈ వాసన?"
మన రేగడిది.
"ఎండినాక ఎంటనే దించితే?"
చేతిలో పొడి.
"నీళ్ళు చల్లి దించితే?"
బూజు.
ఇంకేదో చెబుతుందని చూశాను.
కట్ట నా వైపు తోసి
"కూకుని కట్టు, ఊరికే ఏం నిలబడతావ్" అంది.

ఇవాళ మళ్ళీ బ్యారన్ ఖాళీ చెయ్యాలి.
రాత్రే మంట ఆర్పి తలుపులు బార్లా తీశాను.
లోపల కర్రల నిండా ఆకు,
ముట్టుకుంటే విరిగేట్టు, గరగరలాడుతూ.
చేసేది ఏమీ లేదు.
గుమ్మంలో గోనె పరుచుకుని కూర్చున్నాను.
జేబులో రేపటి రైలు టిక్కెట్టుంది,
ఎక్కుతానో లేదో.

నాలుగున్నరకు చేనుల మీంచి మంచు.
పిలవలేదు, చప్పుడు లేదు,
ఎప్పుడు లోపలికెళ్ళిందో చూడలేదు.
ఒక ఆకు తుంచి అరచేతిలో నలిపాను.
విరగలేదు.
వేలి చుట్టూ వంగింది.

నా చెయ్యి మాత్రం ఇంకా
పొడిపొడిగానే ఉంది.
ఇంకాసేపు కూర్చుంటాను.