ఎగువ సీసా

ఏడు సీసాలు తెచ్చినాను కడప నుంచి,
ఐసు పెట్టెలో, మూతల మీద నంబర్లు రాసి.
ఆరు నిండినాయి తొమ్మిదిన్నరకల్లా.
ఏడోది, లెక్కకు మొదటిది,
గనికి పైన, గని చెయ్యి పడని చోట ముంచాల్సినది,
ఇంకా ఖాళీ.

గని పైన పిట్టలవంకలో నీళ్ళు లేవు.
ఇసుక ఉంది. ఇసుకలో మేకల గిట్టలు,
ఒంటి ప్లాస్టిక్ చెప్పు, ఎండిన తుంగ.
ఫారంలో గడి అడుగుతోంది:
ప్రవాహం, సెకనుకు ఎన్ని లీటర్లు?
గట్టున కూచుని పెన్ను మూత కొరుకుతున్నాను.

కిందనేమో పారుతోంది.
మే నెలలో, మా జిల్లాలో, పారే వంక!
మూడు మోటార్లు గని గుంతను రేయింబగళ్ళు తోడిపోస్తే
పారుతోంది.
ముగ్గురాయి కడిగిన నీళ్ళు,
కుడితి అనుకుని దూడ మూతి పెట్టింది,
పెట్టి, తల ఎత్తేసింది.

దస్తగిరి ఆ నీళ్ళతోనే రెండెకరాల శెనిక్కాయ పెట్టినాడు.
"చెడ్డ నీళ్ళని రాయొద్దు సార్.
రాస్తే మోటార్లు ఆపుతారు.
ఆపితే చెడ్డవీ ఉండవు, మంచివీ ఉండవు."
అతని గెనాల మీద తెల్లటి పొర,
ఎవరూ వేయని ముగ్గు.
వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను
(మా మేడమ్ చూస్తే ఉద్యోగం ఊడుతుంది).
ఉప్పు. ఉప్పు వెనక చేదు.

మీటరు ముంచితే మూడు వేల నూట ఎనభై.
ఎక్కువే.
దేనికన్నా ఎక్కువ అని అడుగుతుంది ఫారం.
ఇసుక కన్నానా?

"ఒక సీసా నీళ్ళకు ఇంత ఆలోచనా నాయనా?"
బట్టల మూట గట్టున దించి
సుంకులమ్మ వంకలోకి దిగింది.
కానుగ నీడ పడే మలుపులో మోకాళ్ళూని
పగిలిన కొబ్బరిచిప్పతో ఇసుక తీసింది.
మూరెడు లోతున తడి. ఇంకో జానెడు.
బురద ఊరింది, చిమ్మేసింది.
మళ్ళీ ఊరింది, మళ్ళీ చిమ్మేసింది.
"మూడోసారి ఊరినవే తాగే నీళ్ళు."

కూచున్నాం.
వక్కాకు నమిలి ఉమిసేంత సేపటికి ఒక చిప్పెడు.

"మా అత్త కాలాన ఈన్నే ఉతికేది.
నురగ ఆ బండ దాకా కొట్టకపోయేది.
నురగను చూసి కిందూరోళ్ళు చెప్పేటోళ్ళు,
ఈ పొద్దు పెద్దింటి దుప్పట్లు అని.
ఇప్పుడు కింద సబ్బు అరిగిపోతాది గానీ నురగ రాదు.
నీ మిషనుకు తెలుస్తాదా అది?"
"తెలుస్తుందమ్మా. కాఠిన్యం అని ఒక గడి ఉంది."
"అంటే?"
"గట్టిదనం."
"నీళ్ళకా!"
నవ్వితే వక్కాకు ఎరుపు పళ్ళ మధ్య.

సీసా నిండింది.
ఆరు వందల పది.

ఆఫీసులో ఏమంటారో తెలుసు:
ఇది వంక నీరు కాదు, ఇసుక కింది నీరు,
వేరే కాగితంలో రాయాలి, పోల్చకూడదు.
నిజమే, రూలు అదే.
రిమార్కుల గడి అరంగుళం.
చిన్నక్షరాలతో రాసినాను:
ఎగువన ప్రవాహం లేదు. చెలమ తీసి పట్టిన నీరు.
ఊరడానికి నలభై నిమిషాలు.
ఎవరు తీసినారో రాయడానికి చోటు మిగల్లేదు.
దస్తగిరి మాటకు అసలు గడే లేదు.

వేంపల్లె బస్సు హారను కొట్టింది.
పెట్టె భుజానికెత్తి గట్టెక్కి చూస్తే
సుంకులమ్మ ఇంకా వంకలోనే ఉంది,
మేకలు తొక్కకుండా
చెలమ చుట్టూ కంప పేరుస్తా.