నీటి గీత

నీళ్ళ మీద రాత నిలవదంటారు.
నీళ్ళే రాసిన రాత సంగతి ఎవరూ చెప్పలేదు.
మా ముందుగదిలో, సరిగ్గా నా ఛాతీ ఎత్తున
బుడమేరు గీసి వెళ్ళిన మట్టిగీత,
ఆ కొస నుంచి ఈ కొసకి.

సింగ్‌నగర్‌లో అందరూ సున్నాలు వేయించుకున్నారు.
నేను వేయించలేదు. డబ్బుల్లేక కాదు.
నయోమి అడిగినప్పుడల్లా, తడి ఆరనీ అన్నాను.
రోడ్డు మీద తారు కరిగే బెజవాడ ఎండలు
ఒక వేసవి, ఇంకో వేసవి,
మా గోడ ఇంకా ఆరలేదనే చెబుతూ వచ్చాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం పడవొచ్చింది.
నేనూ, నయోమీ, పిల్లాడూ, ఇన్వర్టరు బ్యాటరీ.
"పైన ఎవరన్నా ఉన్నారా?" అనడిగాడు పడవ కుర్రాడు.
పైన తబితమ్మ గారుంది. మోకాళ్ళ నొప్పులు.
దింపాలంటే ఇద్దరు ఎత్తాలి, బ్యాటరీ వదిలెయ్యాలి.
"ఎవరూ లేరు" అన్నాను.
తెడ్డు నీళ్ళలో పడ్డ చప్పుడు కన్నా
చిన్న మాట.

మూడు రోజులు ఆవిడ పిట్టగోడ పక్కన కూచుంది.
పైనుంచి పడ్డ బిస్కట్లు, సగం పగిలిన పాల ప్యాకెట్టు.
నాలుగోనాడు ఎవరో దించారు.
బతికింది.
రోజూ మెట్ల మీద ఎదురవుతుంది.

ఒప్పుకున్నాను. ముందు దేవుడి దగ్గర,
చాప మీద, మోకాళ్ళు తిమ్మిరెక్కేదాకా.
తరవాత ఆవిడ దగ్గర.
చాటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే అంది:
"తెలుసులే. నీ గొంతు వినపడింది.
ఆ రాత్రే క్షమించేశా నాయనా,
లేకపోతే ఆ వానలో నిద్రెట్లా పడుతుంది నాకు?"

ఇచ్చేశారు. ఇద్దరూ ఇచ్చేశారు.
పుచ్చుకోవడమే చాతకాలేదు నాకు.
ఆయన కొట్టేసిన లెక్కని
రాత్రిళ్ళు మళ్ళీ మొదట్నుంచి కూడుకునేవాణ్ణి.
వారం వారం మెట్లెక్కేవాణ్ణి,
కమలాలు, మోకాళ్ళ తైలం, ఒకసారి గ్యాసు బండ.
గుమ్మంలో పెట్టేసి దిగొచ్చేవాణ్ణి,
తీరిపోయిన బాకీకి వడ్డీ కట్టేవాడిలా.
మొదటి ఆదివారాల్లో బల్ల దగ్గర
రొట్టె పళ్ళెం మా వరస దాకా వచ్చేసరికి
చెప్పులు చూసుకునే నెపంతో బయట ఉండేవాణ్ణి.

మొన్న తబితమ్మ గారు గుమ్మానికి అడ్డం నిలబడింది.
"ఏమయ్యా జెకర్యా,
సిలువ మీద ఆయన కట్టింది చాల్లేదా?
తక్కువైంది నువ్వు కమలాలతో పూడుస్తావా?
ఇన్నాళ్ళూ క్షమాపణ అడగడానికే వచ్చావు,
ఒక్కనాడు టీ తాగడానికి రాలేదు.
కూర్చో."

కూర్చున్నాను.
ప్లాస్టిక్ కుర్చీ, ఒక కాలు పొట్టి.
గాజు గ్లాసు. చక్కెర మరీ ఎక్కువ.
మొదటి గుక్క గొంతు దిగలేదు.
రెండోది దిగింది.
కింద సందులో ఎవరో స్కూటరు స్టార్టవక తిట్టుకుంటున్నారు.
గుడివాడలో ఉన్న కోడలి మీద
ఆవిడ గంటసేపు ఫిర్యాదులు చెప్పింది.
నా పాపం ఊసే రాలేదు.
నిజం చెప్పాలంటే కాస్త చిన్నతనమనిపించింది,
ఇన్నాళ్ళూ చంకనెత్తుకు తిరిగినదాన్ని
దించుకోవడానికి ఆ గదిలో చోటే లేదు మరి.

ఇవాళ శనివారం, బాజీని పిలిచి సున్నం పెట్టించాను.
నేనూ ఒక బ్రష్షు పట్టాను.
మొదటి కోటు కింద నుంచి గీత
సన్నగా కనబడుతూనే ఉంది.
"ఇది ఊరికే పోదు సార్, ఇంకోటి పడాల" అన్నాడు.
గోడకి గుర్తుంటే ఉండనీ బాజీ,
తొందరేం లేదు.

రేపు మొదటి ఆదివారం.
నయోమి నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది, ఏమీ అడగకుండా.
టీ చల్లారుతోందని పైనుంచి కేక.
సున్నం అంటిన ఖాళీ చేతులతో
మెట్లెక్కాను.