రాశి మీద ముద్ర

ఇస్కపల్లి ఉప్పు సొసైటీ ఆఫీసులో
రాత్రి తొమ్మిది దాటితే ఫ్యాను ఒక్కటే మాట్లాడతది.
సెక్రెటరీ మస్తానయ్య సారు తాళాలు నా చేతిలో పెట్టి
"ఈ తూరి తేదీ మర్చిపోబాక మే" అని స్కూటరెక్కినాడు.

పోయిన నెల మర్చిపోయినా.
సంతకాలకి గడువు తీరింది.
మళ్లు ఉన్నాయి, కొటారు ఉంది,
బకింగ్‌హాం కాలవ ఒడ్డున రాశులు తెల్లగా ఉన్నాయి,
మూడు రోజులు పేరు మాత్రం ఎవరికీ పలకలేదు.
చెన్నై నుంచి లారీలు పంపే సేటు
"సంఘం ఎత్తేసినారా?" అని ఫోన్ చేసినాడు.

నల్ల తెర. చివర తెల్ల గీత కొట్టుకుంటా ఉంది,
ఏదో ఒకటి చెప్పు అన్నట్టు.
కీజెన్ అని కొట్టినా.
రెండు బీగాలు చేసుకోవాల.
చిన్నది రోజూ వాడేదానికి,
పెద్దది చిన్నదాన్ని నమ్మమని చెప్పేదానికి.
పెద్దదాన్ని నమ్మేదెట్టా అంటే
దాని ఆనవాలు పైవాళ్లకి పంపాల,
ఆ పైవాళ్లది ఆ పైవాళ్లకి.
ఎక్కడో ఒక కాడ ఆగి
ఇంక అడగబాకండి అంటారు.

పాత కంప్యూటరు. అంకెలు దొరికే దాకా కాసేపు ఆగింది.
ఆ కాసేపట్లో తాత వచ్చినాడు.

పొద్దుగూకే వేళకి గోరిన ఉప్పు రాశి పోసి
తడి చేత్తో నిమిరి
కొయ్య ముద్ర నాలుగు పక్కలా అద్దేవాడు పోలయ్య తాత.
చదువు రాదు. ముద్రలో అక్షరాల్ని
చేప, కొక్కెం, వంకర గరిటె అనేవాడు.
రాశిని దాచింది లేదు, గుడ్డ కప్పింది లేదు.
ఎవరైనా చూడొచ్చు.
పిడికెడు తీస్తే మాత్రం చేప తోక తెగుతది.
తెల్లారి రాశి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి
తోక ఉందా అని చూసుకునేవాడు.
అంతే కాపలా.

ఇదీ అంతే.
ప్రతి పేరు కింద ఒక చేప.

సైన్‌జోన్ అని కొట్టినా.
ఆ వరసలో ఉప్పు రాసే చోటొకటి ఉంది.
నిజంగానే, సాల్ట్ అనే అంటారు దాన్ని,
పేర్లు పోల్చుకోకుండా కలిపేదాన్ని.
ఇప్పటి పద్ధతిలో అది దండగంట.
ఒక అడ్డగీత పెట్టి వదిలేసినా.
ఉప్పు సంఘం సంతకంలో ఉప్పు లేదు!
రేపు మళ్లకాడ చెప్తే ఆడోళ్లు పడీ పడీ నవ్వుతారు.

ఇంకోటి రొవంత వింత.
ఉన్న పేర్లకే కాదు, లేని పేర్లకీ ముద్ర వేస్తది ఇది.
లేని పేరు అడిగినోళ్లకి
ఊరికే లేదు అంటే చెల్లదు.
దీని తర్వాత అదే,
నడుమ ఎవరూ లేరు అని
సంతకం చేసి చూపించాల.

సంఘం మొదటి రిజిస్టరు బీరువాలో ఉంది, చూసినా.
పెంచలరెడ్డి తర్వాత ప్రకాశరావు.
నడుమ మా తాత లేడు.
మడి ఉన్నోళ్లకి పేరు, గోరినోళ్లకి కూలి.
కింద మూడు సంతకాలు, ఒక రబ్బరు ముద్ర,
ఇప్పటికీ గడువు తీరని సిరా.

ముప్పై రోజులకి తేదీ పెట్టినా.
పెద్ద బీగాన్ని పెన్‌డ్రైవులో వేసి
ఆ రిజిస్టరు కిందే దోపినా.

తర్వాత బయట నుంచి అడిగి చూసినా,
ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అడిగినట్టు.
జవాబులో అన్నీ సరిపోతే
రెండు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. ఏ, డీ.
వచ్చినాయి.
నేను కలిపి చదివినా.
ఏడీ?

ఫ్యాను తిరగతానే ఉంది.
కిటికీలో నుంచి కాలవ వాసన.

ఫైలు మళ్లీ తెరిచి ఒక వరస చేర్చినా,
సంఘం పేరుకి ముందు చుక్క,
చుక్కకి ముందు పోలయ్య.
అది ఏ చోటికీ పోదు, ఏ పేజీ తెరవదు.
వరస నంబరు ఇంకొకటి పెంచి
మళ్లీ సైన్‌జోన్.

అడిగినోళ్లకి ఉన్నాడని చెప్తది,
ముప్పై రోజులు.
ఆ పైన
నేను మర్చిపోకుండా ఉండాల.