లింకు దస్తావేజు

ముప్పై ఏళ్ళ ఈసీ అడిగితే సాయంత్రానికి తీసిపెడతాను.
వీళ్ళు నూట ముప్పై ఏళ్ళది అడిగారు.
పెన్సిల్వేనియా నుంచి ఉత్తరం, చర్చి ఆఫీసులో చేతులు మారి
రిజిస్ట్రారాఫీసు మెట్ల కింద నా బల్ల దాకా వచ్చింది.
"మా ముత్తాత చెల్లెలు, డాక్టర్ హెట్టీ జిమ్మర్,
గుంటూరు అనే ఊళ్ళో పోయిందట.
ఆమె గురించి మాకు ఒక్క మాటా తెలియదు."

పొలమైతే తేలిక.
తూర్పున ఒకరి గట్టు ఉంటుంది, పడమర డొంక ఉంటుంది.
మనిషికి హద్దులు ఎవరు రాసిపెడతారు?

జతచేసిన కాగితంలో వాళ్ళ వంశం:
పైన ఓడ దిగిన ఒక యోహాన్.
అతని కొడుకు గుర్రాలకు లాడాలు కొట్టేవాడు.
అతని కొడుకు పశువుల వైద్యుడు, లైసెన్సు లేదు.
ఆ కింద ఆరుగురు పిల్లలు.
అయిదుగురి పేర్ల నుంచి గీతలు దిగాయి.
ఆరో పేరు కింద ఒట్టి కాగితం.

ఆస్పత్రి అటక మీంచి రిజిస్టర్లు దించారు,
చెదలు తిన్నంత తిని వదిలేసినవి.
ఆమె తెలుగు కుడివైపుకి ఒరిగి నడిచేది.
నీళ్ళు అన్నచోటల్లా నీల్లు.
కలరా ఏడాది పేజీలో
ఫలితం గడి నిండా ఒకటే మాట,
పోయెను, పోయెను, పోయెను,
పదకొండో వరసలో సిరా చిందింది:
"ఆడపిల్ల. నెలలు మూడు. తల్లి పోయెను. పిల్ల ఉన్నది."
ఇంటిపేరు గడిలో ఏదో రాసి, కొట్టేసి,
పక్కన, ఒరిగిన అక్షరాల్లో, జిమ్మర్.

కొట్టివేతల దగ్గర ఆగడం నా వృత్తి.
అక్కణ్ణుంచి బాప్తిస్మాల పుస్తకం, పెళ్ళిళ్ళ పుస్తకం.
పెళ్ళయ్యాక ఆ పిల్ల ఇంటిపేరు మారాలి కదా, మారలేదు.
అల్లుడే ఇల్లరికం వచ్చాడు,
ఏ ఇల్లూ లేని పేరుకి.

సంగడిగుంటలో దొరికింది ఆ పిల్ల మనవడి భార్య, కరుణమ్మ.
రేషన్ కార్డులో జిమ్మిరి, ఆధార్‌లో జిమ్మెర,
మిరప తొడాలు తీసే కోల్డ్ స్టోరేజీ చీటీ మీద ఒట్టి జి.
వేళ్ళ మంటకి మజ్జిగ గిన్నెలో చెయ్యి పెట్టుకుని మాట్లాడింది.
"వాళ్ళ పెద్దలు గుర్రాలకి లాడాలు కొట్టేవాళ్ళటమ్మా."
"మా మామ జట్కా తోలాడు. లాడాలు మాత్రం
ఖాజా సాయిబే కొట్టేవాడు."
నాకు దగ్గొచ్చింది. ఆ ఇంట్లో గాలే కారం.
"ఇంతకీ జిమ్మరంటే ఏంటంట?"
వాళ్ళ పాత భాషలో గది, అని ఉత్తరంలో ఉంది. చెప్పాను.
మంచాన్నీ, మంచం కిందున్న బియ్యం డబ్బానీ,
తలుపు పక్క గ్యాస్ పొయ్యినీ ఓసారి కలయజూసి
"సరిపోయింది," అంది.

లేవబోతుంటే అంది,
"మా పేర్లు రాయొద్దు బాబూ, ఆస్తికొచ్చారనుకుంటారు.
దొరసాని సమాధి మీద గడ్డి ఈస్టరుకి మేమే పీకుతామని,
అదొక్కటి రాయి."

రాత్రి కాగితం విప్పితే ఆరో పేరు కింద ఎర్ర మరక.
నా వేలిదే. తుడవలేదు.
జవాబు మొదలుపెడితే
అలవాటు చొప్పున షెడ్యూలే వచ్చింది చేతికి:

తూర్పు: కలరా వార్డు గోడ, ప్రస్తుతం లేదు.
దక్షిణం: కొట్టేసిన ఒక పేరు, చదువుటకు వీలుపడలేదు.
పడమర: సముద్రాలు.
ఉత్తరం: ఇంకా రాయలేదు.