దక్షిణం హద్దు

పటమట రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా
జిరాక్సు మిషనుకీ చెరుకురసం బండికీ మధ్య
నా బల్ల.
ముప్పై ఒక్క ఏళ్ళుగా పరాయి నేలలన్నీ
నా చేతిరాత మీదుగా చేతులు మారాయి.
నాది అద్దిల్లు.

మొదటిసారి కొనేవాళ్ళు
చెప్పులు పక్కన విడిచి మరీ అడుగుతారు.
"గజం ఇంకా పెరుగుద్దాండీ?"
"ఈశాన్యం పెరిగితే మంచిదేగా?"
"గాజులు తాకట్టు పెట్టనా, లోనుకెళ్ళనా?"
"ఈసీ తీయిస్తే నిల్ అని వచ్చింది, ఇప్పుడెట్టా?"
ఆ చివరి మాట అడిగినామెకి
కళ్ళమ్మట నీళ్ళు.
ఏమీ లేకపోవడం కూడా మంచిదేనని
బతుకులో మొదటిసారి విన్నట్టుంది.

నాంచారయ్య వీళ్ళెవరిలాగా అడగలేదు.
ఆటోనగర్లో లేతు పని.
గోళ్ళ కింద గ్రీజు, చొక్కా జేబులో వెర్నియర్.
నున్న దాటాక ఏదో వెంచర్లో నూట యాభై గజాలకి
యాభై వేలు బయానా ఇచ్చేశాడు.
రసీదు, విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చారు.

"రాళ్ళు పాతారు సార్. టేపు పట్టి చూశా.
ఒక మూల జానెడు తక్కువొచ్చింది.
మా దగ్గర నూలు తేడా వస్తే బేరింగు కూర్చోదు.
భూమికి పర్లేదా?"

నవ్వాను.
నవ్వుతూనే లింకు డాక్యుమెంట్లు విప్పాను.

డెబ్భై నాలుగుది, మా గురువుగారు రాసింది,
సిరా ఇటుకరంగుకి తిరిగింది.
దక్షిణం: వాగు.
ఎనభై తొమ్మిదిలో
దక్షిణం: వాగు గట్టు.
తొంభై ఎనిమిదిలో
దక్షిణం: నడకదారి.
నిన్న టైపు కొట్టిన డ్రాఫ్టులో
దక్షిణం: ముప్పై అడుగుల రోడ్డు.

తొంభై ఎనిమిదిది నా దస్తూరీ.
'దా'కి ఆ మెలిక
ఈ వీధిలో ఇంకెవరూ తిప్పరు.
ఆ రోజు స్థలం చూడలేదు. ఎప్పుడూ చూడం.
పార్టీ చెబుతారు, మేం రాస్తాం.
నూట యాభై తీసుకున్నట్టు గుర్తు,
పైన ఒక ప్లేటు పునుగులు.

ఫ్యాను గాలికి కాగితాలు లేస్తుంటే
వెర్నియర్ తీసి వాటి మీద పెట్టాడు.
చాలాసేపు చదివాడు,
చదవడం కాదు, కొలిచాడు.

"అయితే వాగు ఎవరికి అమ్మింది సార్?"

ఫీజెంతో చెప్పగలను. స్టాంపు డ్యూటీ చెప్పగలను.

"దాని సంతకం ఉండాలిగా, ఎక్కడో?"
"లేదు."
"పోనీ వేలిముద్ర?"

సింగ్‌నగర్లో మా చెల్లెలి ఇల్లు గుర్తొచ్చింది.
వరద తీశాక గోడ మీద కిటికీ ఎత్తున
మట్టిరంగు గీత.
రెండుసార్లు సున్నం వేయించారు,
మూడోసారి రంగే వేయించారు.
మబ్బు పట్టిన రోజున ఇంకా తేలుద్ది.

"అది ఉంది," అన్నాను.

బయానా వెనక్కొస్తుందా అని కూడా అడిగాడు.
రాదనే చెప్పాను.
గేటు దగ్గర స్కూటీ మీద వెంచరు కుర్రాడు
స్లాటు టైమైపోతోందని వాచీ చూపిస్తున్నాడు.
నాంచారయ్య వెర్నియర్ తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ముసురు పట్టినప్పుడు వెళ్ళి
ఆ దక్షిణం వైపు ఓ గంట నిలబడతా సార్.
టేపు అక్కర్లేదు."

ఏమీ రాయలేదుగా, డబ్బులొద్దన్నాను.
చెరుకురసం ఇప్పించి పోయాడు,
నిమ్మకాయ రెండు చెక్కలూ పిండించి.

నాలుగింటికి ఇంకొకామె వచ్చింది.
అదే వెంచరు, నూట పది గజాలు,
ఎత్తిన చీటీ డబ్బు జాకెట్లో.
పేరు పెదమారెమ్మ, భర్త పేరు లేదు.
తూర్పు రాశాను. పడమర రాశాను. ఉత్తరం.

నాలుగో దాని దగ్గర పెన్ను ఆపి
"అటుపక్క ఏముందమ్మా, చూశారా?" అన్నాను.

"రోడ్డంటగా బాబూ," అంది,
"మీరే రాశారంటగా."