బర్మా చారు

ఓడ దిగిన రోజు మాకిచ్చినవి
ఒక చీటీ, రెండు దుప్పట్లు, ఒక అరటిపండు.
అరటిపండు తమ్ముడు తినేశాడు.
చీటీ రాస్తూ గుమస్తా అమ్మ పేరడిగాడు.
"మా తెయిన్" అంది అమ్మ.
ఆయనొకసారి మొహంలోకి చూసి
తాయమ్మ అని రాసుకున్నాడు.
ఆ పేరుతోనే బియ్యం, కిరసనాయిలు,
ఆఖరికి కాటికాడ రసీదు కూడా
ఆ పేరుతోనే.

నాన్నకి మాత్రం ఇది సొంత దేశమట.
పుట్టింది రంగూన్ రేవులో.
తాతది పలాస అవతల ఏదో ఊరు.
నాన్నకి ఊరు పేరు గుర్తుంది,
ఊరికే నాన్న గుర్తులేడు.
అక్కడ కొరంగీ కొర్లయ్య,
ఇక్కడ దిగగానే బర్మావోడు.

కంచరపాలెం దగ్గర క్యాంపులో
తాటాకూ రేకూ కలిపిన గది.
గోనెపట్టా అవతల ఇంకో అయిదుగురు,
వాళ్ల దగ్గు మాకూ
మా తగువులు వాళ్లకూ.
పోర్టులో పని లేదు పొమ్మన్నారు నాన్నని.
అమ్మ కొప్పులో దాచి తెచ్చిన కెంపు
పూర్ణామార్కెట్లో ఎనభై రూపాయలయింది.
ఎనభై రూపాయలు సగం తోపుడుబండి అయ్యాయి.
మిగతా సగం బాకీ.

తెల్లారకముందే రేవుకి పోయేవాళ్లం, జెల్లల కోసం.
ఏటి చేప కావాలి అసలు.
"ఉప్పునీటి చేప అబద్ధాలాడుద్ది" అనేది అమ్మ, బర్మాలో.
అరటిదవ్వ చక్రాలు కోసి
నిమ్మగడ్డి దంచి
వేయించిన సెనగపిండి నీళ్లలో కలిపి
గరిటె ఆపకుండా తిప్పేది.
బియ్యపు పోగులు ఇక్కడెక్కడివి?
పక్కింటి నరసమ్మ జంతికల గొట్టం అరువిచ్చింది.
పోగులు వంకర్లుపోయాయి.
అమ్మ వాటిని చూసి మొదటిసారి ఏడ్చింది.
ఓడలో కూడా ఏడవని మనిషి.

లోకోషెడ్డు గేటు దగ్గర బండి.
మొదటిరోజు ఒక్కడూ రాలేదు.
రెండోరోజు ఇద్దరొచ్చి గిన్నెలోకి తొంగిచూసి
"ఎర్రల్లాగున్నాయేటి" అని నవ్వుకుంటూ పోయారు.
మూడోరోజు వాన.
ఆ వానలో వచ్చాడు ఫైర్‌మన్ గురవయ్య,
మోచేతుల దాకా బొగ్గు.
"ఏటమ్మా ఇది?"
అమ్మకి తెలిసిన తెలుగు నాలుగు మాటలు.
"తిను" అంది.
తిన్నాడు. "పులుపు సాల్లేదు" అని
తన క్యారేజీలోంచి చింతకాయ పచ్చడి తీసి
మా చారులో కలిపేశాడు!
అమ్మ గరిటె పైకెత్తింది. కొట్టేస్తదనుకున్నాను.
ఆ రాత్రి ఒంటిగంట దాకా నాన్నతో యుద్ధం.
గోనె అవతల అయిదుగురూ మేలుకున్నారు.

వారానికి బండి మీద చింతపులుసు సీసా వచ్చింది.
తర్వాత పచ్చిమిరప.
తర్వాత ఙపి పోయింది.

బళ్లో మేష్టారు అనేవారు
ఙ ఎందుకూ కొరగాని అక్షరమని,
దాంతో మొదలయ్యే మాటే లేదని.
మా ఇంట్లో జాడీ నిండా ఉండేది.
మురగబెట్టిన రొయ్యల ముద్ద,
మూత తీస్తే వీధి చివరి కుక్క లేచేది.
ఆ వాసనకి బేరాలు తిరిగి పోతున్నాయని
నాన్న జాడీ బండి మీంచి దింపేశాడు.
అమ్మ ఏమీ అనలేదు.
కానీ రోజూ పొయ్యి వెనక ఒక పిడత పెట్టుకునేది,
మన చేతి గుప్పెడంత,
జాడీలోంచి ఒక వేలు ముద్ద వేసి.
బండి కడిగాక, లెక్క చూశాక
మాకు వీపు పెట్టి, గొంతుకూర్చుని తినేది.

ఒకసారి అడిగాను. నోట్లో పెట్టింది.
ఉమ్మేశాను.
తిట్టలేదు. చెంగుతో నా మూతి తుడిచి
మళ్లీ అటు తిరిగింది.

ఇప్పుడు అద్దాల షాపు. ఏసీ.
తాయమ్మ బర్మా నూడుల్స్ అని ఎర్ర దీపాల బోర్డు,
మా తమ్ముడి కోడలు పెట్టించింది.
సాయంత్రాలు బీచి నుంచి పిల్లలొస్తారు,
ఫోన్లు పైకెత్తి గిన్నెల్ని ఫొటోలు తీస్తారు,
"ఇదే అసలు రుచంట కదా మామ్మా?"
నేను గల్లాపెట్టె దగ్గర కూచుని
చిల్లర లెక్కపెడుతూ తలాడిస్తాను.

అసలు రుచి నాకు తెలుసు.
పదకొండో ఏట, ఒక్క ముద్ద.
అదీ మింగలేదు.