ఉడకనివ్వకు

అమ్మ గట్టిగా చెప్పిన మాటలు
మూడో నాలుగో ఉంటాయి జీవితం మొత్తంలో.
అందులో ఒకటి: ద్రాక్షసారాని ఉడకనివ్వకు.
గిన్నె అంచు వెంట
సన్నటి నురగ పూసలు కట్టగానే మంట తగ్గించు.
ఆవిరి లేవాలి గాని బుడగ లేవకూడదు.
లేచిందా,
మత్తు గాలిలో కలుస్తుంది, లవంగం చేదెక్కుతుంది,
వచ్చినవాళ్ళు మర్యాదకి తాగి
మెట్లు దిగుతూ మన గురించి చెప్పుకుంటారు.

పిర్నాలో డిసెంబరు.
ఎల్బే నది మీది పొగమంచు
సందుల్లోంచి ఎక్కి వంటింటి కిటికీ దాకా వచ్చింది.
నాలుగు కొవ్వొత్తుల్లో రెండే వెలిగించే ఆదివారం.
నారింజకి లవంగాలు గుచ్చుతున్నాను.
ముళ్ళపందిని చేశావే, అన్నాడు ఎక్‌హార్ట్.
నా తమ్ముడు. యాభై రెండేళ్ళు.
రైలింజన్లు బాగుచేసే చేతులు.
దాల్చినచెక్క విరిచేటప్పుడు కూడా
బిగిసిన బోల్టుని చూసినట్టే చూస్తాడు.

అనాసపువ్వు రెండు, అన్నాడు.
ఒకటి చాలు, అన్నాను.
నిమ్మతొక్క వెయ్, తెల్లభాగం రానివ్వకు.
పంచదార చివర్న, నాలుక అడిగినంత.
అన్నీ వాడే చెప్తున్నాడు
గిన్నె వైపు వీపు పెట్టి.

బల్ల మీద రెండు సీసాలు.
ఏటా కొంటాను గనక కొన్నాను.
ఏడింటికి పైఅంతస్తు టిల్మాన్ దంపతులు వస్తారు.
నా కోసం మానకక్కా,
వాసనకే పడిపోతానా ఏంటి, అన్నాడు.
వాడి చేతులు చూశాను.
వణకడం లేదు.
వణకకుండా ఉండటానికి అవి పడుతున్న పాటు
నాకు తప్ప ఎవరికీ తెలియదు.

పై అరలో కప్పులున్నాయి,
బూటు ఆకారంలోవి, ఒక్కోదాని మీద ఒక్కో సంవత్సరం.
క్రిస్మస్ సంతలో మూడు యూరోల డిపాజిట్ కట్టి
తిరిగివ్వకుండా తెచ్చేసినవి.
కొన్ని తెచ్చానని వాడికే తెలియదు.
ఒకటి వాడి కోటు జేబులో దొరికింది,
వాడు బస్ స్టాపులో దొరికిన రాత్రి.
పిడి విరిగినదాని గురించి
మేం మాట్లాడుకోం.
మూడేళ్ళుగా ఆ అరలో కొత్త సంవత్సరం చేరలేదు.

సీసాల మూత తియ్యలేదు నేను.
నేలమాళిగలోకి దిగి
హోలుండర్ రసం తెచ్చాను.
సెప్టెంబరులో పట్టాల పక్క పొదల్లో
ఇద్దరం కోసిన చిట్టి నల్లపళ్ళు,
వారం దాకా వేళ్ళకి రంగు వదల్లేదు.
గిన్నెలో పోస్తే
అదే ముదురు ఎరుపు, అదే బరువు.

పూసలు కట్టాయి.
నా చెయ్యి దానంతటదే స్టవ్ మీదికి వెళ్ళింది.
వాడు మణికట్టు పట్టుకున్నాడు.
ఆగు. ఇందులో ఎగిరిపోయేదేముంది?

నిజమే. ఈ పండు దారి వేరు,
పచ్చిగా తాగితే కడుపులో తిప్పుతుంది,
తెర్లకాగాల్సిందే.

బుడగలు లేచాయి.
నారింజ దొర్లింది, లవంగాలు పల్టీ కొట్టాయి,
మూత టపటపలాడింది.
ఇన్నేళ్ళలో మా వంటింట్లో మొదటిసారి
ఆ గిన్నె తనకిష్టమొచ్చినట్టు ఉడికింది.
కొంచెం పొంగి పొయ్యి మీద పడి మాడింది కూడా,
పంచదార మాడిన వాసన,
కిటికీ అద్దమంతా ఆవిరి.
ఎక్‌హార్ట్ చూస్తూ నిలబడ్డాడు
స్టేషన్‌లోకి బండి వస్తుంటే చూసే పిల్లాడిలా.

టిల్మాన్ గారు రెండు గుక్కలు తాగి
ఏం పోశారమ్మా ఇందులో, అన్నారు.
బొగ్గులా ఘాటుగా ఉంది, ఇంకొంచెం పొయ్యండి.
వెళ్ళేటప్పుడు ఆ రెండు సీసాలూ
ఆవిడ సంచిలో పెట్టాను, దుప్పటి అడుగున.
ఆవిడ ఏమీ అడగలేదు.

వాడు కప్పులు కడిగి, తుడిచి,
ఒకటి మాత్రం అరలో పెట్టలేదు.
కోటు వేసుకుని జేబులో వేసుకున్నాడు.
ఎక్కడికిరా, అన్నాను, నా గొంతు నాకే వేరుగా వినబడింది.
సంత తొమ్మిదింటి దాకా ఉంటుంది, అన్నాడు.
పాత కప్పు తీసుకుంటారో లేదో,
వాళ్ళు నాకు మూడు యూరోలు బాకీ.

తలుపు దగ్గరికేసి వెళ్ళాడు.
పొయ్యి మీది మాడు గీకుతూ
మెట్ల మీద అడుగులు లెక్కపెట్టాను.